బైక్ ఆయిల్ లాగ్: 10డబ్ల్యూ-30 నుంచి 10డబ్ల్యూ-40కి మార్చాను, ఇప్పటిదాకా చూసింది ఇదీ

బండి 150 సీసీ సింగిల్ సిలిండర్, ఎయిర్ కూల్డ్, ఇంజన్‌కీ క్లచ్‌కీ గేర్‌బాక్స్‌కీ అన్నిటికీ ఒకటే ఆయిల్. మాన్యువల్‌లో 10డబ్ల్యూ-30 రాసుంది, వేడి ఎక్కువైతే 10డబ్ల్యూ-40 కూడా పోయొచ్చని టెంపరేచర్ చార్ట్‌లో ఉంది. పాత బండి కదా 20డబ్ల్యూ-50 పోసెయ్, చిక్కగా ఉంటే ఇంజన్ అరగదు అనేది ఎవర్ని అడిగినా వచ్చే సమాధానం, అందులో ఎంత నిజముందో ఇంట్లో ఉన్న సామానుతో కొలిచి చూద్దామనే ఈ లాగ్ పెట్టుకున్నా.

ముందు డబ్బా మీద నంబర్ల సంగతి. వెనకాల ఉన్న 30, 40, 50 అనేవి 100 డిగ్రీల దగ్గర చిక్కదనం, ఎస్ఏఈ (ఆయిల్ గ్రేడ్‌లు నిర్ణయించే ఇంజనీర్ల సంస్థ) లెక్కలో 30 అంటే 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలిచే యూనిట్) లోపు, 40 అంటే 12.5 నుంచి 16.3 లోపు, 50 అంటే 16.3 నుంచి 21.9 లోపు. డబ్ల్యూ ముందున్న నంబర్ చలిలో స్టార్టింగ్‌కి సంబంధించింది, 10డబ్ల్యూని మైనస్ 25 డిగ్రీల్లో టెస్ట్ చేస్తారు, 20డబ్ల్యూని మైనస్ 15లో. ఇక్కడ చాలామంది చూడని విషయం ఏంటంటే 100 డిగ్రీల దగ్గర మామూలు 10డబ్ల్యూ-30 పది పదకొండు, 20డబ్ల్యూ-50 పద్దెనిమిది దాకా ఉంటాయి, తేడా చిన్నగానే కనిపిస్తుంది, కానీ 40 డిగ్రీలకి వస్తే మొదటిది 70 దగ్గర ఉంటే రెండోది 160 దాటేస్తుంది. ఇంజన్ వేడెక్కకముందు నడిచే టైమంతా ఆ చిక్కటి ఆయిల్‌నే పంప్ లాగాలి, పైన వాల్వులు తెరిచే క్యామ్ దాకా ఎక్కించాలి.

ఇక అరుగుదల ఎక్కడ జరుగుతుందీ అంటే అన్ని చోట్లా ఒకేలా జరగదు. కార్ల ఇంజన్లలో క్రాంక్ (పిస్టన్ తిప్పే షాఫ్ట్) ప్లెయిన్ బేరింగ్‌ల మీద, అంటే లోపల బంతుల్లేని నున్నటి గుల్లల మీద తిరుగుతుంది, షాఫ్ట్ తిరిగే కొద్దీ ఆయిల్‌ని తనే సందులోకి లాక్కుని ప్రెషర్ పుట్టించుకుని తేలుతుంది. 1883లో బోషాంప్ టవర్ అనే ఇంజనీర్ రైలు బేరింగ్‌ల మీద ప్రయోగాలు చేస్తూ ఆయిల్ పోయడానికి పైన బెజ్జం పెడితే అందులోంచి ఆయిలే పైకి తన్నుకొచ్చిందట, చెక్క బిరడా పెడితే దాన్నీ తోసేసింది, తర్వాత 1886లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ దానికి లెక్క కట్టాడు. ఎన్నిసార్లు చదివినా నాకు ఒళ్ళు పులకరించే ముచ్చట ఇది. ఆ పొర మందం చిక్కదనం మీదే ఆధారపడుతుంది కాబట్టి అక్కడ పల్చటి ఆయిల్ నిజంగానే ప్రమాదం, అందుకే 150 డిగ్రీల్లో బాగా నలిపేసి కొలిచే టెస్ట్ ఇంకోటి ఉంది, అందులో 30 గ్రేడ్‌కి కనీసం 2.9, 10డబ్ల్యూ-40కి కనీసం 3.5 సెంటీపాయిజ్ (ఇదీ చిక్కదనం యూనిట్టే) రావాలి.

నా బండిలో మాత్రం క్రాంక్ బాల్ బేరింగ్‌ల మీద, బిగ్ ఎండ్ (కనెక్టింగ్ రాడ్ క్రాంక్‌కి కలిసే చివర) నీడిల్ బేరింగ్ మీద ఉన్నాయి. వాటికీ పొర కావాలి కానీ ప్లెయిన్ బేరింగ్ అంతగా చిక్కదనం అడగవు. అసలు అరిగేవి క్యామ్, అది నెట్టే రాకర్ (వాల్వ్‌ని నొక్కే చేయి) కలిసే చోటు, ఇంకా పిస్టన్ పైకెళ్ళి ఆగి తిరిగే దగ్గర రింగులు, అక్కడ వేగం సున్నా అయిపోయి పొర తెగుతుంది, ఎంత చిక్కటి ఆయిల్ పోసినా అంతే. ఆ క్షణంలో కాపాడేది ఆయిల్‌లో కలిపే జింక్, ఫాస్ఫరస్ మందు.

సరే కొలతలు. ఆయిల్ ఎంత వేడెక్కుతోందో చూడ్డానికి ఐఆర్ గన్ (తాకకుండా వేడి కొలిచేది) వాడా, మెరిసే అల్యూమినియం మీద అది తప్పు రీడింగ్ ఇస్తుంది కాబట్టి డ్రెయిన్ బోల్ట్ పక్కన నల్ల టేప్ ముక్క అంటించి దాని మీద కొట్టాలి. చిన్న రైడ్‌లలో కేసింగ్ 60 కూడా దాటట్లేదు, లాంగ్ రైడ్‌లో వంద దగ్గరికి పోతోంది. అంటే రోజువారీ తిరుగుడులో ఆయిల్ డిజైన్ టెంపరేచర్‌కి వెళ్ళట్లేదు, చిన్న రైడ్‌లలో దిగిన పెట్రోల్ ఆవిరయ్యే ఛాన్స్ కూడా తక్కువ.

చిక్కదనానికి 20 ఎంఎల్ సిరంజి, సూది లేకుండా, పిస్టన్ తీసేసి నిలువుగా క్లాంప్ చేసి, 20 గీత నుంచి 10 గీత దాకా ఆయిల్ దిగడానికి ఎంత టైమ్ పడుతుందో ఫోన్‌లో స్లో వీడియో తీసి చూడటమే. కొత్త ఆయిల్, వాడిన ఆయిల్ రెండూ ఒకే సిరంజిలో ఒకే టెంపరేచర్‌లో చెయ్యాలి, వేడి నీళ్ళ గిన్నెలో రెండు సీసాలూ కలిపి ఉంచి 40 దగ్గర థర్మామీటర్‌తో చూసుకున్నా, రెండు మూడు డిగ్రీలు అటూ ఇటూ అయినా రిజల్ట్ మారిపోతుంది. వాడినదాన్ని ముందు పాత బనీను గుడ్డలో వడగట్టండి. సెంటీస్టోక్స్ రాదు దీంట్లో, రేషియో మాత్రమే వస్తుంది, నాకు కావల్సింది కూడా అదే.

రిజల్ట్: డ్రెయిన్ చేసిన 10డబ్ల్యూ-30 కొత్తదానికి పట్టిన టైమ్‌లో మూడొంతులకే దిగిపోయింది. పావు వంతు చిక్కదనం పోయినట్టే, అంటే బోల్ట్ విప్పేసరికి లోపల ఉన్నది దాదాపు 20 గ్రేడ్, 30 కన్నా ఒక మెట్టు పల్చటిది. కారణాలు రెండు, ఒకటి పెట్రోల్ కలవడం, డిప్‌స్టిక్ వాసన చూస్తే తెలుస్తోంది, రెండోది గేర్లు. మల్టీగ్రేడ్‌లో వేడికి పల్చబడకుండా కలిపే పాలిమర్ పొడుగాటి దారాల్లాంటిది, గేర్ పళ్ళ మధ్య పడి ముక్కలవుతుంది, బైక్ ఆయిల్ త్వరగా పల్చబడేది ఇందుకే. రంగు చూసి ఏదీ చెప్పలేం, నల్లబడ్డ ఆయిల్ బానే ఉండొచ్చు, తేనె రంగులో ఉన్నది చచ్చిపోయి ఉండొచ్చు.

మ్యాగ్నెట్ డ్రెయిన్ బోల్ట్‌కి సన్నటి బూడిద రంగు పేస్ట్, గుచ్చుకునే ముక్కలేం లేవు. క్లచ్ పక్కనుండే సెంట్రిఫ్యూగల్ ఫిల్టర్ (గిర్రున తిరుగుతూ మురికిని గోడలకి విసిరేది) విప్పి కడిగాను, గోడలకి మట్టిలా పేరుకుంది, అందులో మ్యాగ్నెట్‌కి అంటనిది ఎక్కువ, క్లచ్ ప్లేట్ పొడి, అల్యూమినియం అయ్యుంటాయి. ట్యాపెట్ గ్యాప్ (రాకర్‌కీ వాల్వ్‌కీ మధ్య సందు) చల్లటి ఇంజన్ మీద ఫీలర్ గేజ్‌తో చూస్తే ఎగ్జాస్ట్ కొంచెం బిగిసింది, ఇంటేక్ అలాగే ఉంది. క్యామ్ అరిగితే గ్యాప్ పెరగాలి, వాల్వ్ సీట్‌లోకి దిగితే తగ్గాలి, కాబట్టి గ్యాప్ ఒక్కటే చూసి క్యామ్ బాగుందనుకోకూడదు, కవర్ తీసి క్యామ్ లోబ్ (దాని ఉబ్బెత్తు భాగం) మీద గీతలున్నాయా, రాకర్ ముఖం మీద గుంటలున్నాయా చూశా, రెండూ నున్నగా మెరుస్తున్నాయి.

ఇప్పుడు పోసింది ఫుల్ సింథటిక్ 10డబ్ల్యూ-40, జాసో ఎంఏ2 (ఆయిల్‌లో మునిగే బైక్ క్లచ్‌కి సరిపోతుందని చెప్పే జపాన్ ప్రమాణం). ఆ మార్క్ ముఖ్యం, కార్లకిచ్చే, మైలేజీ కోసం చేసిన రిసోర్స్ కన్జర్వింగ్ ఆయిల్స్‌లో ఫ్రిక్షన్ తగ్గించే మందు ఉంటే క్లచ్ జారొచ్చు. 20డబ్ల్యూ-50కి పోలేదు, పొద్దున్నే చల్లటి ఇంజన్‌లో ఆయిల్ త్వరగా పైకెక్కాలి, పైగా చిక్కటి ఆయిల్‌తో గేజ్‌లో ప్రెషర్ ఎక్కువ కనిపించినంత మాత్రాన బేరింగ్‌లకి ఎక్కువ ఆయిల్ అందుతోందని కాదు, ప్రెషర్ మితిమీరకుండా ఉంచే రిలీఫ్ వాల్వ్ తెరుచుకుంటే మిగతాది వెనక్కే పోతుంది. 10డబ్ల్యూ-40 పావు వంతు పల్చబడ్డా 30 రేంజ్‌లోనే మిగులుతుంది, మాన్యువల్ అడిగేది అదే కాబట్టి నా లెక్క కుదిరింది.

డ్రెయిన్ వాషర్ కొత్తది వేశా, బోల్ట్ టార్క్ రెంచ్‌తో మాన్యువల్ వాల్యూకే బిగించా. ఈసారి డ్రెయిన్ దాకా ఆగకుండా మార్పు గడువులో సగం దూరం అయ్యాక డిప్‌స్టిక్ బెజ్జం లోంచి సన్నటి పైపుతో కాస్త శాంపిల్ లాగి అదే సిరంజి టెస్ట్ చేస్తా, పల్చబడటం మొదట్లోనే ఎక్కువుందా చివర్లోనా తేలుతుంది. తీసినంత కొత్త ఆయిల్ తిరిగి పొయ్యడానికి డబ్బాలో మిగిలింది పక్కన పెట్టా.