దోమతెర ఖరీదు

పేదరిక నిర్మూలన పథకాల పనిలో చేరిన కొత్తలో నాకో గట్టి నమ్మకం ఉండేది. ఊరికే ఇచ్చినదానికి విలువుండదు, ఎంతో కొంత పెట్టి కొంటేనే వాడతారు అని. సమావేశాల్లో గొంతు పెంచి మరీ వాదించాను.

తర్వాత ఆర్థికవేత్తలు జెస్సికా కోహెన్, పాస్కలిన్ డ్యూపా 2010లో ప్రచురించిన కెన్యా అధ్యయనం చదివాను. గర్భిణులు వచ్చే క్లినిక్‌లలో ఎక్కడ దోమతెర ఉచితం, ఎక్కడ ఎంత ధర అన్నది లాటరీ పద్ధతిలో తేల్చారు. ఉచితం నుంచి 60 అమెరికన్ సెంట్లకు పెంచితే చాలు, తీసుకునేవాళ్లు 60 శాతం పాయింట్లు తగ్గిపోయారు. ఇళ్లకు వెళ్లి తెర కట్టి ఉందా లేదా అని చూస్తే, ఉచితంగా తీసుకున్నవాళ్లు కొన్నవాళ్లకు ఏమీ తీసిపోలేదు.

ఆ పట్టిక దగ్గర చాలాసేపు ఆగిపోయాను. తగ్గిన ఆ అంకెలో ఉన్నది గర్భిణులు. నేను వాదించింది వాళ్ల చేతిలోంచి తెర లాక్కునే మాట.

దోమతెరకు తేలింది ప్రతి వస్తువుకూ వర్తించదు, అదీ నిజమే. మళ్లీ వెళ్లి చూడాల్సిందే.

నిన్నొక ముసాయిదాలో ‘ఉచితమైతే వాడరు’ అన్న వాక్యం కనిపించింది. పక్కన పెన్సిల్‌తో రాశాను: ‘ఎవరు చూశారు?’