గేట్‌వే దగ్గర ఆగిన గెలాక్సీ రాయి

1999లో ఒంగోలులో ఒక గ్రానైట్ ఎగుమతి ఆఫీసులో కంప్యూటర్లు చూసేవాణ్ని. చీమకుర్తి క్వారీల బ్లాక్ గెలాక్సీ రాయి మా సరుకు. ఆఫీసు లోపలి మెయిల్‌కి ఒక సాఫ్ట్‌వేర్ ఉండేది. దానికి పోస్టాఫీసంటే సర్వర్‌లో ఒక ఫోల్డర్, అంతే. ఇంటర్నెట్‌కి ఏ ఉత్తరం పోవాలన్నా, రావాలన్నా మూలనున్న ఇంకో పీసీనీ, దాని మోడెమ్‌నీ దాటాలి. అదే గేట్‌వే. రెండు భాషల మధ్య దుబాసీ.

మొదట అడ్రసులతో చిక్కొచ్చింది. లోపల ఉత్త పేర్లే, బయట ఎట్ గుర్తు లేనిదే అడ్రసు కాదు. ఏ పేరుకి ఏ అడ్రసో గేట్‌వే పట్టికలో రాసిపెట్టాలి. అది ఒక్కరోజులో సర్దుకుంది.

అసలు టెన్షన్ ఇటలీ నుంచి వచ్చింది. పలక మీద తెల్ల చార ఉంది, ఫోటో పంపుతున్నామని ఫోన్ చేశారు. మెయిల్ తెరిస్తే ఫోటో లేదు, పేజీలకు పేజీలు పిచ్చి అక్షరాలు. ఓనరు గారు వెనక నిలబడి, "ఫోటో అంటే ఇదేందయ్యా, వైరస్సా?" అన్నారు. ఆ రాత్రికే ఇంకో లోడు చెన్నై పోర్టుకి పోవాలి.

మొదటి పేజీ ప్రింటు తీసుకుని కూర్చున్నా. పైన 'బేస్64' అని ఉంది, ఫైలును మామూలు అక్షరాలుగా మార్చే పద్ధతి పేరది. కింద అక్షరాలు స్లాష్, 9, జె, స్లాష్‌తో మొదలయ్యాయి. ఆ పద్ధతిలో వచ్చే ప్రతి జేపెగ్ ఫోటో అలాగే మొదలవుతుందని తర్వాత గమనించాను. 1982 నాటి ఇంటర్నెట్ మెయిల్ నియమాల్లో మామూలు ఇంగ్లీషు అక్షరాలకే దారి ఉంది. అందుకే మెయిల్‌తో ఫైళ్లు పంపడానికి 1992లో వచ్చిన మైమ్ అనే పద్ధతి, బేస్64తో ఫోటోలోని ప్రతి 3 బైట్లను 4 అక్షరాలుగా మార్చి పంపుతుంది. మా గేట్‌వేకి అంతకు ముందునుంచీ అదే పనికి ఉన్న యూయూఎన్‌కోడ్ అనే పద్ధతి ఒక్కటే తెలుసు. అందులో ఫైలు 'బిగిన్' అన్న మాటతో మొదలై, నిండు వరస ప్రతిదీ ఎం అక్షరంతో వస్తుంది. ఆ 'బిగిన్' కనబడక, అంతా ఉత్తరంలోని రాతే అనుకుని లోపలికి పంపేసింది. ఫోటో ఎక్కడికీ పోలేదు, దాన్ని విప్పలేదంతే!

ప్రాణం లేచొచ్చింది. ఆ అక్షరాలను వేరే ఫైలుగా సేవ్ చేసి, డీకోడ్ చేసే ప్రోగ్రామ్‌కి ఇచ్చాను. నల్లరాయి, బంగారు చుక్కలు, కింద కుడి మూలన జానెడు తెల్ల చార.

ఓనరు గారు ఒక్క నిమిషం చూసి యార్డుకి ఫోన్ చేశారు. ఆ బ్లాకులోనే కోసిన పలకలు ఇంకో రెండు లోడులో ఉన్నాయి. దించేశారు. మైమ్ తెలిసిన గేట్‌వే పెట్టేదాకా మూడు నెలలు ప్రతి ఫోటోనూ నేనే చేత్తో విప్పాను.