పెద్దత్త ఇల్లు అమ్మేసింది

పెద్దత్త ఇల్లు అమ్మేశాం. అమ్మేశాం అంటున్నాను గానీ అమ్మింది ఆవిడే. బేరం ఆడిందీ, బయానా పుచ్చుకుందీ ఆవిడే. మేం చేసిందల్లా వెళ్లి పద్దెనిమిది రోజులు కూర్చుని, తినాల్సినవన్నీ తిని, చివర్లో ఏడవడం.

ఊరు ఉద్దానంలో, కవిటికి దగ్గర. శ్రీకాకుళం జిల్లాలో ఒడిశాకి ఆనుకుని ఉండే మూల. విశాఖలో రైలెక్కి సోంపేట స్టేషన్లో దిగాలి. పేరు సోంపేటే గానీ ఆ స్టేషన్ ఉన్నది కంచిలిలో. పెళ్లైన కొత్తలో ఈ సంగతి తెలీక మా ఆయన సోంపేట ఊరంతా తిరిగి స్టేషన్ ఎక్కడని అడిగాడు. పెద్దత్త పదహారేళ్లుగా ఆ ఒక్కటీ మర్చిపోలేదు. ఫోన్ చేస్తే ముందు అదే అడుగుతుంది: "బాబూ, టేసన్ దొరికిందా?"

మా వైపు పల్లెల్లో ఇళ్లు చూసినవాళ్లకి తెలుస్తుంది. వీధి పొడుగునా ఒకదాని గోడ ఒకటి పంచుకుని రైలు పెట్టెల్లా ఉంటాయి. పెద్దత్త ఇల్లు వెడల్పు పదమూడు అడుగులు. పొడవు మాత్రం అడక్కండి. వీధి అరుగు, సావిడి, నడిమిల్లు, చీకటి గది, వంటిల్లు, నుయ్యి, పెరడు, అక్కణ్నుంచి తోట. వీధి గుమ్మంలో నిలబడితే ఆ చివర పెరడు అగ్గిపెట్టంత పచ్చగా కనిపిస్తుంది. మధ్యాహ్నం రెండు తలుపులూ తీస్తే సముద్రం గాలి ఇంట్లోంచి దూసుకుపోతుంది. సముద్రం మూడు కిలోమీటర్లే. కరెంటు లేని రోజుల్లో కూడా అక్కడ ఉక్కపోసిన గుర్తు నాకు లేదు. అంటే నిజంగా పోయలేదని కాదు, నాకు గుర్తు లేదంతే.

నాన్నకి అక్క ఆవిడ. పిల్లల్లేరు. నాకు తొమ్మిదేళ్లప్పుడు మావయ్య పోయారు. అప్పట్నుంచీ ఒక్కర్తే. మా అమ్మా నాన్నా మమ్మల్ని ఏప్రిల్ చివర అక్కడ దింపేసి జూన్లో వచ్చి తీసుకెళ్లేవారు. మమ్మల్ని ముద్దు చేసింది లేదు, కథలు చెప్పింది లేదు. పని చెప్పేది. రాలిన జీడిపళ్లు ఏరడం, పిక్క మెలిపెట్టి తీయడం, పిక్కలు ఎండలో ఆరబెట్టడం, మేకల్ని అదిలించడం. జీడిపండు రసం బట్టల మీద పడితే ఇక ఆ మరక జన్మలో పోదు. అందుకని పొద్దున్నే అందరికీ పాత బట్టలు ఇచ్చేది. నాకు మావయ్య బనీను, మోకాళ్ల దాకా.

ఈసారి మా పిల్లలకి పిక్కలు కాల్చి చూపించింది. ఎండుటాకులు, కొబ్బరి మట్టలు పోగేసి మంట పెట్టి, చిల్లులు పడ్డ పాత రేకు మీద పిక్కలు పోసింది. కాసేపటికి పిక్కల్లోంచి నూనె చిమ్మి భగ్గున అంటుకుంటుంది. నల్లటి పొగ, గొంతులో గరగర. మా అబ్బాయి దగ్గరికెళ్లబోతే, "ఒరే గుంటడా, కళ్లు పోతాయి, అవతలకి పో" అని కర్రతో గీత గీసింది. మంట ఆరగానే ఇసక చల్లి, పిక్కల్ని బూడిదలో దొర్లించి, రాయి మీద నిలబెట్టి ఒక్క దెబ్బ. ఎక్కువ కొడితే పప్పు ముక్కలైపోతుంది, తక్కువ కొడితే చిప్ప విడదు. మా అమ్మాయి పద్నాలుగు పిక్కలు కొడితే రెండు గుండ్లు, అంటే విరగని పప్పులు, నిలిచాయి. పెద్దత్త మాట్లాడుతూనే, అసలు చూడకుండానే, చేటలో సగం నింపేసింది. ఒక్కటీ విరగలేదు.

ఆ చేతుల గురించి ఒక మాట చెప్పాలి. పిక్క చిప్పలోని నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. బూడిదో కొబ్బరి నూనో రాసుకుని కూర్చుంటారు గానీ, పూర్తిగా ఆగదు. మావయ్య పోయాక పదేళ్ల పాటు మా పెద్దత్త తన తోటలో పని ముగించుకుని కూలికి కూడా పిక్కలు కొట్టింది. వేళ్ల చివర్లు నున్నగా, నల్లగా, పాలిష్ పట్టిన చెక్కలా ఉంటాయి. చిన్నప్పుడు తల దువ్వుతుంటే ఆ వేళ్లు చెవికి తగిలి చల్లగా ఉండేవి. దాని వెనక ఏముందో నాకు ఈ మే నెల దాకా తెలీలేదు. ఆ సంగతి తర్వాత.

చీకటి గదిలో పక్కింటికీ మనకీ ఉమ్మడిగా ఉన్న గోడ మీద బొగ్గు గీతలుంటాయి. కొబ్బరి దింపు లెక్క. చెట్టెక్కేవాళ్లు కాయలు దింపి పోగేస్తే, వందకి ఒక గీత. దింపు అయ్యాక కొంచెం ఎడం వదిలి మళ్లీ మొదలు. పెద్దత్త మూడో తరగతితో ఆపేసింది, పుస్తకంలో రాయడం ఇష్టం ఉండదు. సున్నం వేసేటప్పుడు కూడా ఆ మూల వదిలేయించేది. చిన్నప్పుడు ఆ గోడ నాకు వట్టి మురికి. ఈసారి టార్చి వేసి చూశాను. ఎనిమిది గీతలు, తొమ్మిది, తొమ్మిది, ఏడు. ఒకచోట పదకొండు. అలా మోకాలి ఎత్తు నుంచి నా తల దాకా వచ్చి, ఒక్కసారి ఒక గీత. పక్కన సగం గీత. మళ్లీ ఒకటి.

ఏడాది వేయలేదు గానీ అదేమిటో అడక్కుండానే తెలిసింది. తిత్లీ. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తుపాను. 1999లో ఒకటి, 2013లో పైలిన్, అవన్నీ చూసిన మనిషి మా పెద్దత్త. "అవి కొమ్మలు ఇరిసినాయి, ఇది సెట్లు పట్టుకుపోనాది" అంటుంది. ఆ పొద్దున తలుపు తీస్తే పెరటి చివర నుంచి ఊరి అవతలి రోడ్డు కనిపించిందట. అదివరకు ఎప్పుడూ కనిపించలేదట. అంత తోట పడిపోయింది. మేం ఫోన్ కలవక నాలుగు రోజులు విశాఖలో, హైదరాబాదులో టెన్షన్ పడుతుంటే ఆవిడ పడిన చెట్ల కింద కాయలు ఏరుకుంటోంది. కొబ్బరి మొక్క కాపుకి రావాలంటే ఆరేడేళ్లు. అరవై ఎనిమిదేళ్ల మనిషి మొక్కలు వేసింది కూడా. వేసింది గానీ, నాకిప్పుడు అనిపిస్తుంది, ఇల్లు అమ్మడం మనసులో అప్పుడే మొదలుపెట్టిందని.

తర్వాత క్రియాటినిన్ వచ్చింది, కిడ్నీలు ఎంత పాడయ్యాయో చెప్పే రక్తపరీక్ష అంకె. ఉద్దానంలో ఈ మాట బడికెళ్లని వాళ్లకీ వచ్చు. అరుగుల మీద కూర్చుని స్కోరు చెప్పుకున్నట్టు చెప్పుకుంటారు, నీకెంత, నాకు రెండు, మా ఆయనకి నాలుగున్నర. ఈ కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో ఇప్పటికీ ఎవరూ ఖాయంగా తేల్చలేదు. వంశధార నీళ్లు హిరమండలం నుంచి పైపుల్లో తెచ్చారు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, రెండొందల పడకల ఆసుపత్రి మొదలయ్యాయి. "ఇప్పుడు కుళాయొచ్చింది, ఇప్పుడు నేనెల్పోతన్నాను" అని నవ్వింది. ఆవిడది మూడు పాయింటు నాలుగు. డయాలసిస్ దాకా రాలేదు గానీ డాక్టరు చీటీ నిండా వద్దులే. కొబ్బరి నీళ్లు వద్దు. పనస వద్దు. జీడిపప్పు వద్దు. పొటాషియం ఎక్కువట.

"ఆ డాక్టరు నా తోటంతా మానీమన్నాడే" అంది పెద్దత్త.

ఇంత జరుగుతున్నా మేం మాత్రం ఇల్లు ఉంచేద్దాం అన్నాం. మా తమ్ముడు బెంగుళూరు నుంచి ల్యాప్‌టాప్‌తో సహా దిగి, హోమ్‌స్టే చేద్దాం, రంగులు వేయిద్దాం, సముద్రం దగ్గరే కదా అన్నాడు. ఆవిడ శ్రద్ధగా విని ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. "తుడిసేదెవులు?" వాడు కేర్‌టేకర్ అన్నాడు. "అంటే నానే కదా" అంది. ఆ చర్చ అక్కడితో అయిపోయింది.

అలాంటి ఇల్లు పక్కింటివాళ్లు తప్ప ఎవరు కొంటారు? రెండు గోడల మధ్య పదమూడు అడుగులు. పక్కింటి వదిన కొడుకు గల్ఫ్‌లో వెల్డరు. రెండిళ్లూ కలిపి పడగొట్టి స్లాబు వేస్తాడు. బయటివాళ్లెవరో ఇంకాస్త ఎక్కువ ఇస్తామన్నా ఆవిడ ఒప్పుకోలేదు. మావయ్య పోయిన నాటి నుంచీ రాత్రి పడుకునే ముందు పెద్దత్త ఆ గోడ మీద రెండుసార్లు కొట్టేది, అవతలి నుంచి ఆ వదిన రెండుసార్లు కొట్టేది. అంటే ఇద్దరూ బాగానే ఉన్నట్టు. అంతే, మాటలేం ఉండవు. బేరంలో పెద్దత్త పెట్టిన షరతు ఒక్కటే: ఈ ఏటి పనసకాయలు మావి.

రిజిస్ట్రేషన్ ముందే పెట్టుకుందాం అంటే వినలేదు. 2024 మే 13న ఎన్నికలు, తన ఊళ్లో ఓటేశాకే అంది. ఆ వారం ఓటుకని ఊళ్లకెళ్లేవాళ్లతో రైళ్లు కిక్కిరిసిపోయాయి. నాన్న విశాఖ నుంచి నిలబడే వచ్చారు, డెబ్భై ఒకటో ఏట. పొద్దున్న ఏడింటికల్లా పెద్దత్త జరీ అంచు చీర కట్టుకుని లైన్లో ఉంది. ఎవరికి వేశావంటే చెప్పలేదు.

మూడు రోజుల తర్వాత రిజిస్ట్రేషన్ ఆఫీసు. సంతకం పెట్టింది, అక్షరం అక్షరం విడదీసి. వేలిముద్ర దగ్గర ఆగిపోయింది. మిషను మీద బొటనవేలు పెట్టింది. పడలేదు. గుడ్డతో తుడిచారు, పడలేదు. కుడి చెయ్యి అయిదు వేళ్లూ అయ్యాయి. అక్కడి కుర్రాడు విసుక్కోలేదు పాపం, "జీడి పని చేశారా మామ్మా?" అన్నాడు. అతనికి రోజూ ఉండేదే కాబోలు. నేను పక్కనే నిలబడి ఆ చెయ్యి పట్టుకుని చూశాను. వేళ్ల చివర్న గీతలు లేవు. చిన్నప్పుడు చల్లగా ఉండేవి అనుకున్నానే, ఆ నునుపు. చివరికి ఎడమ చెయ్యి ఉంగరం వేలు పడింది. ఓటు సిరా ఉన్న వేలికి రెండు వేళ్ల అవతల.

"నానెవులో దానికి తెల్దంట" అని మిషను వైపు చూపించి బయటికొచ్చి టీ తాగింది. పంచదార లేకుండా.

సామాను సర్దడం గురించి పెద్దగా చెప్పడానికి లేదు. మంచాలు, బిందెలు, ఎవరికేవో ఇచ్చేసింది. నేను మావయ్య బనీను కోసం వెతికితే అది ఏనాడో మసిగుడ్డ అయిపోయిందని తెలిసింది. ఆవిడ తీసుకున్నవి రెండు సంచులు, ఒక కత్తిపీట, పిక్కలు కొట్టే రాయి. ఆ రాయి ఎందుకత్తా అంటే "ఊరుకో" అంది. ఆఖరి రాత్రి నాకు చీకటి గదికి దగ్గరగా పక్క వేశారు. గోడ మీద రెండు దెబ్బలు వినబడ్డాయి. అవతలి నుంచి జవాబు వెంటనే రాలేదు. చాలాసేపటికి వచ్చింది, రెండు కాదు, చాలా.

పొద్దున్న ఆటో ఎక్కేటప్పుడు నేనూ అమ్మాయీ ఏడుస్తుంటే వీధిలో అందరి ముందూ "ఏటే ఆ ఏడుపు, ఇల్లేటి నీయెనక పరిగెట్టుకొస్తాదా" అని కసిరింది. తను మాత్రం సోంపేట స్టేషన్ దాకా వెనక్కి చూడలేదు. అంటే కంచిలి దాకా.

జూన్లో పనసకాయలు వచ్చాయి, షరతు ప్రకారం. పక్కింటి వదిన మనిషినిచ్చి రైల్లో పంపించింది, ఏడు కాయలు. పెద్దత్త విశాఖలో నాన్న వాళ్ల అపార్ట్‌మెంట్‌లో నూనె రాసుకుని కూర్చుని కోసి, ఒక్క తొన కూడా నోట్లో వేసుకోకుండా, మూడు అంతస్తులకి పంచింది.

నిన్న అమ్మ ఫోన్ చేసి మీ పెద్దత్త ఏం చేసిందో చూడమని ఫొటో పెట్టింది. కొత్తగా రంగు వేయించిన వంటింటి గోడ, ఫ్రిజ్ పక్కన. అగ్గిపుల్ల కాల్చి గీసిన గీతలు. ఆరు, ఎడం, ఆరు, ఎడం, ఐదు. డాక్టరు రోజుకి లీటరున్నర నీళ్లే తాగమన్నాడు. గ్లాసుకో గీత.

"ఐదు ఎందుకు?" అని అడిగాను.

"ఆ రోజు వాన పడింది, దాహం వెయ్యలేదంట" అంది అమ్మ.