బోదకాలు పటం: కాళ్లను లెక్కించాలా, రక్తాన్ని చూడాలా?

మన దేశంలో బోదకాలు (ఫైలేరియా) వ్యాధి ఎక్కడెక్కడ ఉందో చూపే పటాలు దశాబ్దాలుగా అచ్చవుతూనే ఉన్నాయి. వాటిలో జిల్లాలకు జిల్లాలే ఎర్రగా కనిపిస్తాయి. ఆ ఎరుపు దేన్ని చూసి వేశారన్నది మాత్రం చాలా పటాల మీద రాసి ఉండదు. వాచిన కాళ్లను లెక్కించి వేశారా, రాత్రిపూట తీసిన రక్తంలో పురుగు పిల్లలను చూసి వేశారా, లేక బడి పిల్లల వేలి నుంచి తీసిన రక్తపు చుక్కను పరీక్ష పట్టీ మీద వేసి చూశారా? ఈ మూడు పద్ధతులతో ఒకే జిల్లాకు మూడు రకాల పటాలు వస్తాయి. మూడూ నిజమే, కానీ ఆ మూడూ మూడు కాలాలను చూపిస్తాయి. ఆరోగ్య సమాచారంతో పటాలు తయారుచేసే పనిలో ఉన్నందువల్ల ఈ తేడాను వివరంగా చెప్పాలనిపించింది.

మన దేశంలో ఈ వ్యాధిని దాదాపు అంతటా కలిగించేది వుచెరేరియా బాంక్రాఫ్టీ అనే దారం లాంటి పురుగు. కేరళలోని కొన్ని ప్రాంతాల్లో దీనికి దగ్గర జాతి అయిన బ్రూజియా మలయీ కూడా ఉంది. పెద్ద పురుగులు ఒంట్లో ఊరే ద్రవాన్ని తిరిగి రక్తంలోకి చేర్చే శోషరస నాళాల్లో ఏళ్ల తరబడి బతుకుతూ మైక్రోఫైలేరియా అనే సూక్ష్మమైన పిల్లలను రక్తంలోకి వదులుతూ ఉంటాయి. దోమ వాటిని రక్తంతో పాటు పీల్చుకుని, రెండు వారాలలోపు తన ఒంట్లో పెంచి, మరొకరికి చేరవేస్తుంది. వాపు కనిపించేది ఆ తరువాత చాలా ఏళ్లకు. ఇక్కడ గమనించవలసిందేమిటంటే, కాలు ఏనుగు పాదంలా మందమెక్కిన మనిషి రక్తంలో చాలాసార్లు పురుగు పిల్ల ఒక్కటి కూడా దొరకదు. ఏ బాధా లేకుండా రోజూ పనికి వెళ్లి వస్తున్న పక్కింటి యువకుడి రక్తంలో మాత్రం అవి దండిగా ఉండవచ్చు. కాబట్టి కాళ్లను లెక్కించి గీసిన పటం ఎన్నో ఏళ్ల కిందటి దోమకాట్ల పటం. పైగా అది ఎప్పుడూ తక్కువ లెక్కే చూపిస్తుంది, ఎందుకంటే ఆడవాళ్లు చీర కుచ్చిళ్ల మాటున కాలి వాపును దాచుకుంటారు, మగవాళ్లు ఇదే వ్యాధి వల్ల వచ్చే వరిబీజం (వృషణాల సంచి వాపు) సంగతి ఆశా కార్యకర్తకు చెప్పడానికే సిగ్గుపడతారు. అయినా ఆ పటం అక్కరలేదని నేను అనను. తెలంగాణలో బోదకాలు బాధితులకు ప్రభుత్వం ఇచ్చే పింఛను ఎవరికి అందాలి, వరిబీజం ఆపరేషన్లకు ఏ ఆసుపత్రిని సిద్ధం చేయాలి, కాళ్లు శుభ్రం చేసుకునే పద్ధతిని ఎవరికి నేర్పాలి అన్న ప్రశ్నలకు జవాబు అందులోనే ఉంది. వ్యాధి ఇప్పుడు ఎక్కడ వ్యాపిస్తున్నదో మాత్రం అది చెప్పలేదు.

అది చెప్పేది రాత్రి రక్త పరీక్ష. మనిషి రక్తంలో ఈ పురుగు పిల్లలను 1872లో కలకత్తాలో తిమోతీ లూయిస్ చూశాడు. వాటిని దోమ పీల్చుకుని తన ఒంట్లో పెంచుతుందని 1870ల చివర్లో చైనాలోని అమోయ్‌లో పాట్రిక్ మాన్సన్ గుర్తించాడు. అవి పగలు ఊపిరితిత్తుల రక్తనాళాల్లో దాగి ఉండి, ఈ వ్యాధిని మోసే క్యూలెక్స్ దోమ కుట్టే వేళకు, అంటే రాత్రి బాగా పొద్దుపోయాక, చర్మానికి దగ్గరగా ఉన్న రక్తంలోకి వస్తాయి. అందుకే 1955లో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైనప్పటి నుంచి మన సిబ్బంది జనం భోజనాలు చేసి పడుకునే వేళకు వీధుల్లోకి వెళుతున్నారు.

ఆ పని దగ్గరగా చూస్తే తప్ప పటం మీద ఒక్క చుక్క విలువేమిటో తెలియదు. నిద్ర మత్తులో ఉన్న మనిషిని గుమ్మం దాకా రప్పించి, టార్చి వెలుగులో వేలికొనను స్పిరిట్‌తో తుడిచి, సూదితో పొడిచి, 20 ఘనపు మిల్లీమీటర్ల రక్తం తీసి గాజు పలక మీద మందంగా పూస్తారు. దాని మీద నంబరు వేసి, రిజిస్టరులో పేరు, వయసు, ఇంటి నంబరు రాసుకుంటారు. చీమలు, ఈగలు ముట్టకుండా ఆరబెట్టిన ఆ స్లైడును మరునాడు నీళ్లలో ముంచుతారు. ఎరుపంతా కరిగిపోయాక రంగు పట్టించి సూక్ష్మదర్శిని కింద పెడితే, పురుగు పిల్ల సన్నని తొడుగులో మెలిక తిరిగి కనిపిస్తుంది. తోక చివరిదాకా కేంద్రకాలు లేకపోతే అది బాంక్రాఫ్టీ, చివర్లో రెండు విడిగా కనిపిస్తే మలయీ. వ్యాధి ఉన్నా లేకున్నా ఊరందరికీ మందులు ఇచ్చే సామూహిక మందుల పంపిణీ జరిగే జిల్లాలో నాలుగు స్థిరమైన చోట్ల, నాలుగు మారుతూ ఉండే చోట్ల, ఒక్కొక్క చోట 500 మంది చొప్పున ఈ పరీక్ష చేయాలన్నది చాలాకాలం మన దేశపు పద్ధతి. అంటే లక్షల జనాభా ఉన్న జిల్లా మొత్తానికి రంగు నిర్ణయించింది ఎనిమిది చోట్ల నుంచి వచ్చిన 4,000 స్లైడులు.

మూడో పద్ధతిలో రాత్రితో పనిలేదు. పట్టీ పరీక్ష పెద్ద పురుగు విడుదల చేసే పదార్థాన్ని రక్తంలో పసిగడుతుంది కనుక పగలే చేయవచ్చు. మందుల పంపిణీ ఆపవచ్చో లేదో తేల్చడానికి ఆరేడేళ్ల పిల్లలకు ఈ పరీక్ష చేస్తారు. వాళ్లలో పురుగు ఉన్నదంటే వాళ్లు పుట్టిన తరువాతే సోకిందన్నమాట, కాబట్టి ఇది ఇటీవలి వ్యాప్తి పటం. ఒక్కో మదింపు ప్రాంతంలో, అంటే ఒకే లెక్కగా తీసుకుని పరీక్షించే ప్రాంతంలో, 20 లక్షల దాకా జనాభా ఉండవచ్చు. సుమారు 1,500 నుంచి 1,700 మంది పిల్లలను పరీక్షించినప్పుడు, పురుగు ఆనవాలు కనిపించినవాళ్లు 18 లేదా 20 మందికి మించకపోతే ఆ ప్రాంతం ఉత్తీర్ణమైనట్లే.

నా ఆందోళన మొదలయ్యేది ఇక్కడే. ఆ పద్దెనిమిది మందీ ప్రాంతమంతటా చెదురుమదురుగా ఉంటే ఒక సంగతి, సగానికి పైగా ఒకే ఊరి బడి పిల్లలైతే పూర్తిగా మరో సంగతి. ఉత్తీర్ణత పట్టిక ఈ రెండింటినీ ఒకే గాటన కడుతుంది. ఈ వ్యాధి స్వభావమేమో గుంపుగా ఉండటమే. మలేరియా క్రిమిలా ఈ పురుగు దోమలో సంఖ్య పెంచుకోదు; దోమ మోసుకొచ్చిన పిల్ల కూడా తిన్నగా రక్తంలోకి ఎక్కదు, చర్మం మీద పడి కాటు రంధ్రం గుండా లోపలికి పోవాలి. అందువల్ల ఒక మనిషికి వ్యాధి స్థిరపడాలంటే ఏళ్ల తరబడి వేల కాట్లు పడాలి. అంతటి దోమల సాంద్రత జిల్లా అంతటా ఉండదు, మూత లేని మురుగు కాలువ పక్కన, సెప్టిక్ ట్యాంకు గొట్టానికి వల కట్టని వాడలో, కొబ్బరి పీచు నానబెట్టే గుంటల చుట్టూ ఉంటుంది. వ్యాధి బతికేది వాడలో అయితే మనం రంగు వేస్తున్నది జిల్లాకు.

జిల్లాల సరిహద్దులు మారడం దీనికి తోడైంది. తెలంగాణ ఏర్పడినప్పుడు 10 జిల్లాలు, 2016 అక్టోబరులో 31, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022 ఏప్రిల్‌లో 26 అయ్యాయి. ఉమ్మడి నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి విడిపోయాయి. పాత జిల్లాకున్న రంగు కొత్త జిల్లాలకు వారసత్వంగా వస్తుంది, కానీ స్లైడులు తీసిన ఊళ్లు అన్నింటికీ సమానంగా పంచుకునేవి కావు. దేశంలో వ్యాధి ఉన్న జిల్లాల సంఖ్య పెరిగిందని చదివినప్పుడు వ్యాధి పాకిందని భయపడే ముందు ఎన్ని జిల్లాలు చీలాయో చూడాలి.

ఖాళీలను నింపడానికి మరో దారి ఉంది. పుదుచ్చేరిలోని వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్ శాస్త్రవేత్తలు పాత సర్వేలను పోగుచేసి దేశపటం రూపొందించారు. తమిళనాడులో ఎత్తు, ఉష్ణోగ్రత, వర్షపాతం, గాలిలో తేమ, నేల స్వభావం వంటి అంశాలతో వ్యాప్తికి అనువైన ప్రాంతాలను గుర్తించే నమూనా కూడా తయారుచేశారు. ఈ కృషి మీద నాకు ఎంతో గౌరవం ఉంది. సర్వే చేయని చోట ముందుగా ఎక్కడికి వెళ్లాలో అది చెబుతుంది. అయితే అనువైన ప్రాంతమని కంప్యూటర్ చెప్పినదానికీ, పురుగు పిల్ల కంటికి కనిపించినదానికీ ఒకే రంగు వేయకూడదు. అలాగే వ్యాధి లేదని పరీక్షించి తేల్చిన తెలుపూ, ఎవరూ వెళ్లి చూడని తెలుపూ ఒకటి కావు. రెండోదానికి గీతలు కొట్టి వేరుగా చూపాలి.

శ్రీలంక, మాల్దీవులు 2016లోనూ, థాయ్‌లాండ్ 2017లోనూ, బంగ్లాదేశ్ 2023లోనూ ఈ వ్యాధి ప్రజారోగ్య సమస్యగా తొలగిపోయినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు పొందాయి. మన దేశం 2027ను గడువుగా పెట్టుకుంది. ఒక్కో జిల్లాలో మందుల పంపిణీ ఆగినకొద్దీ అక్కడి రాత్రి పరీక్షలూ తగ్గుతాయి, ఆ తరువాత మనకు మిగిలేది అప్పటిదాకా పోగైన సమాచారమే. అందులో చాలా భాగం ఫైలేరియా యూనిట్ల రిజిస్టర్లలో చేతిరాతతో ఉంది. ఏ ఇంటి మనిషి స్లైడులో పురుగు కనిపించిందో వాటిలో రాసి ఉంటుంది. కాగితాలు చెదలు పట్టకముందే ఆ వివరాలను కంప్యూటరులోకి ఎక్కించి, పేర్లూ ఇంటి నంబర్లూ తీసేసి, వాడ స్థాయిలో చుక్కలుగా పటం మీద పెట్టి, ప్రతి చుక్క పక్కన పరీక్ష పద్ధతినీ, సంవత్సరాన్నీ రాయాలి. అప్పుడు నిఘా బృందం ఏ జిల్లాకు వెళ్లాలన్న ప్రశ్నతో ఆగిపోకుండా, మొదట ఏ కాలువ గట్టు మీద దోమలు పట్టాలో, ఏ బడిలో పిల్లలకు మళ్లీ పరీక్ష చేయాలో ఆ పటం చూసి నిర్ణయించుకోగలుగుతుంది.