ఆ చుక్క నా రోబోనేనా? (నా అనుభవం)

మైక్రోరోబో అనగానే చేతులూ కాళ్ళూ ఉన్న బుల్లి బొమ్మ అనుకుంటారు చాలామంది, నేనూ అలాగే అనుకుని ల్యాబ్‌లో చేరా. తీరా నా చేతికొచ్చింది స్క్రూ లాంటి ఒక మెలిక ముక్క, పొడవు 100 మైక్రాన్లు, అంటే మిల్లీమీటర్‌లో పదో వంతు, లావుపాటి వెంట్రుక మందం ఎంతో అంత. లేజర్‌తో రెసిన్‌లో ప్రింట్ చేసి, అయస్కాంతం మాట వినడానికి నికెల్ పూత, ఒంటికి పడటానికి దాని మీద టైటానియం పూత వేస్తారు. చుట్టూ కాయిల్స్ పెట్టి అయస్కాంత క్షేత్రాన్ని గుండ్రంగా తిప్పితే ఇదీ తిరుగుతూ ముందుకెళ్తుంది, అటు తిప్పేదాన్ని ఇటు తిప్పితే వెనక్కొస్తుంది. ఇంకోటి, ఇంత చిన్న వస్తువుకి నీళ్ళు కూడా పాకంలా చిక్కగా అనిపిస్తాయి, అందుకే తిప్పడం ఆపితే ఉన్నచోటే టక్కున ఆగిపోతుంది, ఊపు మీద కాస్త దూరం పోవడం అనేదే ఉండదు. ఈ చివరి మాట గుర్తుంచుకోండి, ఇది మర్చిపోయే నేను రెండు నెలలు పోగొట్టుకున్నా.

రోబోలు తయారుచేసింది మా సీనియర్ అన్న, నా పని వాటిని మాంసం కింద చూడటం, అంతే, రేపు మనిషి ఒంట్లోకి పంపితే ఎక్కడున్నాయో తెలియాలి కదా. మైక్రోస్కోప్ కింద బ్రహ్మాండంగా ఈదుతున్నాయి కదా, ఇంకేముందిలే అనుకున్నా. సన్నటి ట్యూబ్‌లో నీళ్ళు నింపి రోబోని వదిలి పైన చికెన్ బ్రెస్ట్ ముక్క పెట్టగానే అయిపోయింది కథ, తెల్లటి మసక తప్ప ఏమీ లేదు. కాంతి మాంసంలోకి పోదని కాదు, పోతుంది, కానీ ఒక మిల్లీమీటర్ దాటేసరికి ఏ కిరణం ఎటు నుంచి వచ్చిందో దానికే తెలీనంతగా చెదిరిపోతుంది, ఇక బొమ్మ ఎక్కడ ఏర్పడుతుంది?

సరే అల్ట్రాసౌండ్ చూద్దామని 20 మెగాహెర్ట్జ్ ప్రోబ్ పెట్టా. ఆ ఫ్రీక్వెన్సీలో తరంగం పొడవు 77 మైక్రాన్ల దాకా ఉంటుంది, రోబో దాదాపు అంతే, కాబట్టి చుక్కలా కనపడాలి. కనపడింది కూడా, బాధేంటంటే మాంసం మొత్తం అలాంటి చుక్కలే, ముగ్గుపిండి చల్లినట్టు. నువ్వుల బస్తా ముందు కూర్చోబెట్టి ఇందులో నీ నువ్వుగింజ ఏదో చెప్పు అన్నట్టుంది. ఫ్రీక్వెన్సీ పెంచితే ఇంకా సన్నగా కనపడుతుంది కదా అంటారేమో, పెంచినకొద్దీ మాంసం ఆ శబ్దాన్ని మింగేస్తుంది, 20 దగ్గరే ఒక సెంటీమీటర్ లోతుకి వెళ్ళి రావడానికి 20 డెసిబెల్స్ పోతాయి, అంటే శక్తిలో నూరో వంతే మిగులుతుంది, 40 కి వెళ్తే 40 పోతాయి.

ఎంఆర్ఐ ఎందుకు వాడలేదని అడిగినవాళ్ళున్నారు. 2007లో సిల్వేన్ మార్టెల్ బృందం బతికున్న పంది మెడ ధమనిలో ఒక ఇనుప పూసని ఎంఆర్ఐ మెషీన్‌తోనే నడిపి, దాంతోనే ఎక్కడుందో చూసింది, గొప్ప పనే, కానీ ఆ పూస 1.5 మిల్లీమీటర్లు, నాదానికి 15 రెట్లు. పైగా నా కాయిల్సూ ఆ మెషీన్ అయస్కాంతమూ ఒక ఒరలో రెండు కత్తులు. ఎక్స్‌రే అంటే కదిలేదాన్ని చూడాలి కాబట్టి అంతసేపూ రేడియేషన్ కొడుతూనే ఉండాలి. అలా తిరిగి తిరిగి ఫోటోఅకౌస్టిక్ దగ్గరికొచ్చా.

ఇది నాకు భలే నచ్చిన సంగతి, లోపలికి పంపేది కాంతి, బయటికొచ్చేది శబ్దం. లేజర్‌ని కొన్ని నానోసెకన్లు మాత్రమే కొడతాం, కాంతిని పీల్చుకున్న వస్తువు రవ్వంత వేడెక్కి రవ్వంత ఉబ్బుతుంది, ఆ ఉబ్బడమే అల్ట్రాసౌండ్‌గా బయటికొస్తుంది. గ్రాహంబెల్ 1880లోనే గమనించాడు కాంతిని ఆపి ఆపి వేస్తే వస్తువులు శబ్దం చేస్తాయని. మాంసంలో శబ్దం కాంతి కన్నా వంద నుంచి వెయ్యి రెట్లు తక్కువ చెదురుతుంది, కాబట్టి కాంతి ఎంత చెదిరి వెళ్ళినా పర్లేదు, తిరిగొచ్చే శబ్దం దారి తప్పదు. 2019లో కాల్‌టెక్‌లో వే గావ్, లీహాంగ్ వాంగ్ వాళ్ళ బృందాలు ఎలుక పేగుల్లో మైక్రోమోటార్లున్న గుళికల్ని ఇలాగే చూశాయి. గుళిక అంటే బోలెడు మోటార్ల గుంపు, నాకు కావాల్సింది ఒంటరి రోబో.

టైటానియం మీద గోల్డ్ నానోరాడ్లు, అంటే అతి సన్నటి బంగారు కడ్డీలు అంటించాం, 800 నానోమీటర్ల దగ్గర కాంతిని గట్టిగా పీల్చేవి. లేజర్ గది ట్రైనింగు, కళ్ళద్దాలు, సంతకాలు ఇవన్నీ వదిలేద్దాం. మొదటి రోజు సిగ్నల్ వచ్చింది గానీ అది చుక్క కాదు, రెండు పక్కలా మీసంలా సాగిన గీత. వారం తర్వాత తెలిసింది, సాఫ్ట్‌వేర్‌లో శబ్దం వేగం సెకనుకి 1540 మీటర్లని డిఫాల్ట్‌గా ఉంది, నా తొట్టిలో నీళ్ళలో అది 1480 చిల్లరే. సరిచేస్తే మీసం ముడుచుకుని చుక్కయింది, కానీ నాయిస్‌లో మునిగి తేలుతోంది.

నాయిస్ తగ్గాలంటే యావరేజ్ చెయ్యాలి, 100 ఫ్రేములు కలిపితే 10 రెట్లు తగ్గుతుంది. నా లేజర్ సెకనుకి 10 సార్లే కొడుతుంది, అంటే 100 ఫ్రేములకి 10 సెకన్లు, ఆలోపు సెకనుకి 50 మైక్రాన్లు పోయే నా రోబో 500 మైక్రాన్లు వెళ్ళిపోయి ఉంటుంది, తన ఒళ్ళంత దూరానికి ఐదింతలు! ఆగితే కనపడుతుంది, కదిలితే కనపడదు, కదలని రోబోని చూసి ఏం చేసుకోను? లేజర్ పవర్ పెంచుతా అంటే మా గైడ్ మేడమ్ ఒప్పుకోలేదు, చర్మం మీద ఎంత పడొచ్చో పరిమితి ఉంది, మామూలు కంటికి కనపడే కాంతికైతే చదరపు సెంటీమీటర్‌కి 20 మిల్లీజూళ్ళు, నా లేజర్ రంగుకి కాస్త ఎక్కువ. "చికెన్ ఏమీ అనదు, రేపు పేషెంట్ అంటాడు" అంది.

ఇలా కొట్టుకుంటుండగా ఒక రాత్రి చక్కటి చుక్క దొరికింది, ట్యూబ్ ఉన్న లోతులోనే, సరిగ్గా ఒక సెంటీమీటర్ దగ్గర. కాయిల్ ఆన్ చేసిన కాసేపటికి మెల్లగా కదలడం మొదలెట్టింది, నేను కుర్చీలోంచి లేచి "అన్నా కనపడుతోంది!" అని అరిచా. మైక్రోస్కోప్ కింద కంటే చాలా నెమ్మదిగా పోతోంది, మాంసం కింద కదా నెమ్మదిగానే ఉంటుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నా, ట్యూబ్‌లో ఉన్నవి అవే నీళ్ళు అన్న ఇంగితం కూడా లేకుండా. రెండు నెలలు ఆ చుక్కనే కొలిచా, గ్రాఫులు గీశా.

మేడమ్ వీడియో రెండు సార్లు చూసి ఒక్కటే అడిగింది, "కాయిల్ ఆపాక ఏం చేసింది?" ఆపాక రికార్డింగ్ కూడా ఆపేసేవాణ్ణి మేడమ్ అన్నా. ఆ సాయంత్రం రికార్డింగ్ ఆపకుండా వదిలేశా. కాయిల్ ఆగింది, చుక్క ఆగలేదు. టక్కున ఆగాల్సింది ఇంకో నాలుగు నిమిషాలు తాపీగా నడిచింది. తిప్పే దిశ మార్చా, అయినా అటే పోతోంది. చివరికి చెయ్యి వణుకుతుండగా ట్యూబ్‌లోంచి రోబోని తీసేసి ఖాళీ నీళ్ళతో పెట్టా, చుక్క అక్కడే ఉంది.

అదేంటో తెలుసుకోడానికి ఇంకో వారం. రెండు చికెన్ ముక్కలు ఒకదాని మీద ఒకటి పెట్టేటప్పుడు మధ్యలో, 5 మిల్లీమీటర్ల లోతులో, ఒక గాలి బుడగ చిక్కుకుంది. పైన మాంసం ఉపరితలంలో పుట్టిన శబ్దం కిందకి దిగి ఆ బుడగకి తగిలి వెనక్కొస్తోంది, పోనూ రానూ రెండింతల దూరం కాబట్టి మెషీన్ దాన్ని రెండింతల లోతులో, అంటే సరిగ్గా నా ట్యూబ్ దగ్గర గీస్తోంది. కదలడం ఎందుకంటే కాయిల్ వేడికి మాంసం మెల్లగా సర్దుకుంటోంది, కాయిల్ ఆపినా వేడి వెంటనే పోదుగా.

దీని తర్వాత నా పద్ధతి మొత్తం మారిపోయింది. ప్రతిరోజూ ముందు ఖాళీ ట్యూబ్ రికార్డింగ్, ఆ తర్వాతే రోబో. రోబోని ఊరికే నడపడం మానేసి 20 సెకన్లు ముందుకి, 20 సెకన్లు వెనక్కి, మధ్యలో ఆపడం, ఇలా ఒక లయ పెట్టా, ఆ లయకి ఆడనిది ఎంత అందంగా ఉన్నా నాది కాదు. తమాషా ఏంటంటే యావరేజ్ గొడవ కూడా ఇక్కడే తీరింది. రోబో ఎటు, ఎంత వేగంతో పోవాలో చెప్పేది నేనే కదా, కాబట్టి ఒక్కో ఫ్రేమ్‌ని 5 మైక్రాన్ల చొప్పున వెనక్కి జరిపి కలిపా, మసక గ్రహశకలాల్ని పట్టుకోడానికి ఖగోళం వాళ్ళు చేసే పనే ఇది. అలా కలిపితే కదలని మాంసం, బుడగలు, ట్యూబ్ గోడ అన్నీ అలుక్కుపోతాయి, రోబో ఒక్కటే గట్టిపడుతుంది. వేగం కాస్త తప్పు వేస్తే అదీ అలుక్కుపోతుంది, అందుకని నాలుగైదు వేగాలు వేసి చూసేవాణ్ణి.

మొత్తానికి ఒక సెంటీమీటర్ చికెన్ కింద ఒంటరి రోబో ముందుకెళ్ళింది, ఆగింది, వెనక్కొచ్చింది. ఈసారి అరవలేదు. రెండు ఫైళ్ళూ పట్టుకెళ్ళి మేడమ్‌కి చూపించా, ఆవిడ రోబో ఫైల్ ఒకసారి చూసి, ఖాళీ ట్యూబ్ ఫైల్ మాత్రం మొదటి నుంచి చివరి దాకా కదలకుండా చూసింది. "సరే, ఇప్పుడు నీళ్ళు తీసేసి రక్తం పెట్టు" అంది.

పెట్టా. హిమోగ్లోబిన్ కూడా అదే కాంతిని పీలుస్తుంది కదా, ట్యూబ్ మొత్తం ట్యూబ్‌లైట్‌లా వెలిగింది, చుక్క మాయం. ఇప్పుడు రెండు రంగుల లేజర్‌తో రక్తాన్నీ బంగారాన్నీ విడదీసే పనిలో ఉన్నా.