పాత గ్రాఫిక్స్ కార్డు కోసం పైటార్చ్‌ని సొంతంగా కంపైల్ చేసుకుంటే

జీటీఎక్స్ 1080 టీఐ 2017లో వచ్చిన కార్డు. 11 జీబీ మెమరీ ఉంటుంది, చిన్న ఏఐ మోడళ్లకి ఇవాళ్టికీ బ్రహ్మాండంగా సరిపోతుంది. బెంగళూరు ఎస్పీ రోడ్డులో సెకండ్ హ్యాండ్‌ది ఒకటి దొరికితే తీసుకుని, థండర్‌బోల్ట్ 3 బాక్సులో (కార్డుని బయటి నుంచి కేబుల్‌తో కలిపే పెట్టె) పెట్టి ల్యాప్‌టాప్‌కి తగిలించాం, నేనూ మా మారతహళ్లి పీజీలో పక్క రూమ్ తమ్ముడూ. వాడు ఎంటెక్ చదువుతున్నాడు, తెలుగు చేతిరాత అక్షరాలు గుర్తుపట్టే మోడల్ మీద ప్రాజెక్టు. లైనక్స్‌లో థండర్‌బోల్ట్ బాక్సుకి పర్మిషన్ ఇవ్వగానే కార్డు కనబడింది, కార్డు వివరాలు చూపించే ఎన్‌విడియా ఎస్ఎంఐ కమాండ్‌లో పేరు కూడా వచ్చింది, తీరా పైటార్చ్‌తో (మోడళ్లని ట్రైన్ చేసే లైబ్రరీ) ట్రైనింగ్ మొదలుపెడితే "నో కెర్నల్ ఇమేజ్ ఈజ్ అవైలబుల్" అని ఆగిపోయింది. "కార్డు పోయిందా అన్నా?" అని వాడికి ఒకటే టెన్షన్.

కార్డుకి ఏమీ కాలేదు. ఒక్కో తరం కార్డుకి ఒక కంప్యూట్ కేపబిలిటీ నంబర్ ఉంటుంది, దీనిది 6.1, పాస్కల్ తరం. పిప్‌తో (పైథాన్ ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే కమాండ్) వచ్చే రెడీమేడ్ పైటార్చ్ కొత్త బిల్డుల్లో కొన్నిటిలో ఆ తరానికి కంపైల్ చేసిన, అంటే ఆ కార్డు నడపగలిగేలా మార్చిన కోడ్ ఉండదు, ఆ ఎర్రర్‌కి అర్థం అంతే. సోర్స్ కోడ్ మన చేతిలో ఉంది కాబట్టి మనమే కంపైల్ చేసుకోవచ్చు. స్టూడెంట్ల చేతుల్లో ఉన్న ఇలాంటి కార్డులు తుక్కులోకి వెళ్లకూడదని నాకు గట్టిగా ఉంటుంది, అందుకే ఇదంతా రాస్తున్నాను.

ముందు క్యుడా టూల్‌కిట్, అంటే ఎన్‌విడియా కార్డులకి కోడ్ కంపైల్ చేసే సాఫ్ట్‌వేర్. 13 వద్దు, అందులో పాస్కల్‌కి కంపైల్ చేసే వీలు తీసేశారు, 12 సిరీస్‌లోది వేసుకోండి. తర్వాత పైటార్చ్ సోర్స్‌ని సబ్‌మాడ్యూళ్లతో (అది వాడుకునే వేరే ప్రాజెక్టుల కోడ్) సహా దించుకోవాలి.

చాలామందికి తెలియనిది ఏంటంటే, కంపైల్ అయ్యేటప్పుడు జీపీయూకి, అంటే గ్రాఫిక్స్ కార్డుకి, పనే ఉండదు, భారమంతా సీపీయూ మీదా ర్యామ్ మీదా పడుతుంది. బాక్సు ఊడదీసి పక్కన పెట్టినా బిల్డ్ అవుతుంది. కాకపోతే అప్పుడు కార్డు ఏదో దానికి తెలియదు, వాడుకలో ఉన్న రకరకాల తరాలన్నిటికీ కోడ్ తయారుచేస్తూ కూర్చుంటుంది, టైమ్ అంతా దానికే పోతుంది. అందుకే టార్చ్ క్యుడా ఆర్చ్ లిస్ట్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో 6.1 అని ఒక్కటే ఇచ్చేయండి. ర్యామ్ సంగతి ఇంకా ముఖ్యం. క్యుడా ఫైళ్లు కంపైల్ అయ్యేటప్పుడు ఒక్కో ప్రాసెస్ జీబీల్లో తినేస్తుంది, కోర్లు ఎన్ని ఉంటే అన్ని ఒకేసారి నడిస్తే 16 జీబీ ల్యాప్‌టాప్‌లో మధ్యలో "కిల్డ్" అని వచ్చి బిల్డ్ ఆగిపోతుంది. ఒకేసారి ఎన్ని ప్రాసెస్‌లు నడవాలో చెప్పే మ్యాక్స్ జాబ్స్ వేరియబుల్‌ని 3కో 4కో తగ్గించి రాత్రి పడుకునే ముందు వదిలేయడం మేలు. ఒకసారి కంపైల్ అయినదాన్ని దాచిపెట్టే సీక్యాష్ కూడా పెట్టుకుంటే మళ్లీ బిల్డ్ చేయాల్సి వచ్చినప్పుడు చాలా కలిసొస్తుంది.

బాక్సు వల్ల వచ్చే అసలు ఇబ్బంది స్పీడు. డెస్క్‌టాప్ స్లాట్‌లో 16 లేన్లు (డేటా వెళ్లే దారులు) ఉంటే థండర్‌బోల్ట్ 3లో పీసీఐఈ 3 లేన్లు నాలుగే. డేటా ప్రతి బ్యాచ్‌కీ (ఒకసారి ట్రైనింగ్‌కి ఇచ్చే బొమ్మల గుంపు) ల్యాప్‌టాప్ నుంచి వెళ్తుంటే కార్డు ఖాళీగా ఎదురుచూస్తుంది. తమ్ముడి బొమ్మలు 64 బై 64, బ్లాక్ అండ్ వైట్, పిక్సెల్‌కి ఒక బైట్ చొప్పున లక్ష బొమ్మలున్నా 400 ఎంబీకి కొంచెం అటూ ఇటూ. మొత్తం మొదట్లోనే కార్డు మెమరీలోకి ఎక్కించేశాం, ఇక లేన్ల గొడవే లేదు.

బిల్డ్ అయ్యాక వీల్ ఫైల్ (పిప్‌తో నేరుగా ఇన్‌స్టాల్ చేసుకోగలిగే ప్యాకేజీ) చేసి దాచుకోండి. వీధి చివరి పీజీలో 1070 ఉన్న ఇంకో కుర్రాడికి మాది ఇచ్చాం. అదీ 6.1ఏ, ఉబుంటూ, పైథాన్ వెర్షన్లు కూడా మావే, నేరుగా ఇన్‌స్టాల్ అయిపోయింది.