రోహ్‌తక్ గేదెకు మా ఊరి గడ్డి

జనవరిలో హర్యానా వెళ్లి రోహ్‌తక్ దగ్గర రెండు ముర్రా గేదెలు కొన్నాం. మా కళ్ల ముందే పూటకు ఏడు లీటర్లు పిండి చూపించారు. లారీలో నాలుగు రోజుల ప్రయాణం. తెనాలి పక్కనున్న మా ఊరు చేరాక పెద్దది పూటకు మూడు లీటర్లు దాటలేదు. అమ్మ దాని మెడ నిమురుతూ "బెంగ పెట్టుకుందిరా" అంది.

నాకు ఒకటే టెన్షన్. రోజుకో రకం దాణా మార్చాను. అదే పెద్ద తప్పని మా పశువుల డాక్టరు గారు చెప్పారు. అక్కడ అది తిన్నది బర్సీమ్ అనే పచ్చిమేత, గోధుమ గడ్డి. ఇక్కడ వరిగడ్డి. అందులో మాంసకృత్తులు తక్కువ, పైగా ఆక్సలేట్లు కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వవు. పొట్టలోని సూక్ష్మజీవులు కొత్త మేతకు అలవాటు పడాలంటే రెండు మూడు వారాలైనా పడుతుంది. పచ్చిమేత పెంచి, లవణ మిశ్రమం కలిపి, ఇక ఏదీ మార్చకుండా ఓపిక పట్టాం.

పాలు ఐదు లీటర్లకు వచ్చాయి. అంతలో ఏప్రిల్ ఉక్కపోత. గేదెకు చెమట గ్రంథులు ఆవు కంటే తక్కువ, నల్లతోలు ఎండను పీల్చేస్తుంది. మేత తగ్గించేసింది, పాల కేంద్రంలో వెన్న శాతం 7 నుంచి 6కి పడింది. మధ్యాహ్నం చెరువులో దింపి, గడ్డి రాత్రిపూట వేయడం మొదలుపెట్టాక తేరుకుంది.

ఇప్పుడది చూడితో ఉంది. దూడ ఈ నేల మీదే పుడుతుందని అమ్మ రోజులు లెక్కపెడుతోంది.